రెండవ ఇనుప దూలము ఎక్కించుకొనుటకు అనుమతి

మండల రెవెన్యూ అధికారి గారి సముఖమునకు,

నల్లరాళ్ళపల్లె కాపురస్తుడు, కీ.శే. పెద్దన్న కొమారుడు తిప్పయ్య వ్రాసుకొన్న అర్జీ.

తేది: 12-2-2004

అయ్యా,

విషయం: మా ఇంటి అటక గదికి రెండవ ఇనుప దూలము ఎక్కించుకొనుటకు అనుమతి కోరుట గురించి.

1. మాది రెండంకణాల మట్టిమిద్దె. నేను, నా భార్య భద్రమ్మ, ఇద్దరు ఆడపిల్లలు, నా తమ్ముడు ఆంజనేయులు అందులోనే ఉంటిమి. పోయిన వేసవిలో తమ్మునికి పెండ్లి అయినది. కొత్త దంపతులకు తలుపు వేసుకొనుటకు గది లేదు. మరదలు సరళ మా పిల్లల పక్కన, తమ్ముడు గొర్రెల దొడ్డిలో పండుకొనుచుండిరి.

2. శెనక్కాయ పండక, మూటలు వేసుకొను మా అటక ఏండ్ల తరబడి ఖాళీగా యున్నది. దానినే గదిగా మార్చుకొనుటకు నిశ్చయించితిమి. అటకను, మిద్దెను మోయు వేపదూలాలు చెద తినియుండినవి. తమ్ముడు తాను అప్పుడప్పుడు పనికి పోవు తాడిపత్రిలో, పడగొట్టిన ఒక పాత షెడ్డు నుండి రెండు ఇనుప దూలాలు లారీ మీద తెచ్చినాడు. సరళ వాటికి పసుపు పూసినది. "ఏమ్మే, ఇనుముకు పసుపు ఎవరైనా పూస్తారా?" అని నా భార్య నవ్వినది.

3. వెనుక అంకణములో పాత దూలాలు తీసి, మిద్దెను ఆపుగుంజల మీద నిలబెట్టి మొదటి దూలము ఎక్కించితిమి. మరుదినము వాన పట్టుకొన్నది. మూడు దినములు విడువలేదు. అటువంటి వానను మా పిల్లలు చూచియుండలేదు. ఊరంతా సంతోషించిరి. మేమును సంతోషించితిమి.

4. వాన వెలిసినాక, అనగా 9-10-2003 పొద్దున పది గంటలకు, రెండవ దూలము లోపలికి తెచ్చుటకు నడిమి గుంజ అడ్డము వచ్చినది. గుంజ తీయుట జరిగినది. నానిన మిద్దె కూలినది. ఆంజనేయులు దాని కింద పడినాడు. మట్టి తీయుటకు ఊరివారికి గంటన్నర పట్టినది. అతని వయస్సు 26.

5. విచారణకు వచ్చినవారు, ఆర్డరు వచ్చువరకు ఏమీ ముట్టుకోవద్దని చెప్పి పోయినారు. ఆఫీసుకు ఏడుమార్లు వచ్చితిని. "మనది కరువు మండలమని పైకి రాసినాం కదప్పా, వానకు మిద్దె పడిందని ఎట్ల రాసేది?" అని గుమాస్తా అడిగినాడు. ఇంటికి పోతిని.

6. ఇప్పుడు అందరమూ ముందరి అంకణములో ఉన్నాము. కుందుర్పి నుండి సరళ తల్లిదండ్రులు వచ్చి పిలిచినారు. పోలేదు. "ఈడనే ఉంటా బావా, ఆ గది కట్టు" అన్నది. అంతకు మించి మాట్లాడదు. నేను అడగను. పొయ్యి వెలుగుచున్నది. తినుచున్నాము.

కావున విచారణ ముగించి, ఆ దూలము ఎక్కించుకొని పైన బండలు పరచుకొనుటకు ఆర్డరు దయచేయవలెనని ప్రార్థించుచున్నాను. నష్టపరిహారము అడుగుట లేదు. చెప్పుకొనుటకు వేరే ఏమియు లేదు గనుక ఇంతమట్టుకే చిత్తగించవలెను.

తమ విధేయుడు,
తిప్పయ్య

మరొక మనవి: సార్, పంచనామాలో తమ్ముడే గుంజ లాగినాడని చెప్పి సంతకం పెట్టినాను. అది అబద్ధం. "అన్నా, మట్టి ఇంకా పచ్చిగా ఉండాది, రెండు దినాలు ఆగుదాం" అన్నాడు వాడు. "ఏం కాదులేప్పా, నువ్వు దూలం పట్టుకో" అని నేనే లాగినాను. సరళ వాకిట్లో ఉన్నింది. అంతా విన్నింది. ఎవరికీ చెప్పలేదు. దినామూ నాకు అన్నం పెడతాంది. నా మింద ఏం రాయాల్నో రాసుకోండి. గది కట్టినాక నేనే వస్తాను.