అవ్వ చింపిన కార్డు

బాపూ,

నీకు కార్డులు రాసిన గా పెద్ద రచయిత గూడ పోయిండు. ఆయన ఉత్తరాలన్నీ జమచేసి పుస్తకమేస్తరట. కరీంనగర్ నుంచి ఒక సారు అడగనీకి వచ్చిండు. నువ్వు బట్ట నేసే సాంచె నడిపొచ్చి మళ్ళ మళ్ళ చదువుకున్న కార్డులన్నీ ఇచ్చిన.

"ఆఖరు కార్డేది?" అన్నడు.

నువ్వు పోయినవని నేను రాస్తే ఆయన రాసిన జవాబది. చావు మాటున్న కార్డు ఇంట్ల ఉంచొద్దని, నేను చదివి వినిపియ్యంగనే అవ్వ చింపేసింది. దాంట్ల నాకు ఒక్క మాటే యాదికున్నది. నీ ఉత్తరం కోసం రోజూ ఎదురుచూసేటోణ్ణని రాసిండు.

పెద్దమనిషిని పరేషాన్ చేసుడెందుకని నువ్వు రాసి పోస్టు చెయ్యని కార్డులు పెట్టెల్నే ఉన్నయి బాపూ. అన్నిటి మీద ఆయన అడ్రసే ఉన్నది.