మేనమామ మోయాల్సిన బుట్ట

చెల్లి ఎర్రమ్మకు, అన్న తన చేత్తోనే రాసినది.

పెళ్లికి రానని కబురు పంపితే అలిగానంటున్నావట. అలక కాదు. బాహుదా ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర ఈ ఇసుకదిబ్బ మీద, సర్కారు ఉప్పు కొఠారుకు తొమ్మిదేళ్లుగా ఒంటరిగా కాపలా ఉన్నాను. మనిషి గొంతు వినకుండా నెలలు గడుస్తాయి. ఒక్క తుమ్ము ఎరగను. పోయిన ఏడు సోనేపూరు వచ్చి మీ పిల్లల మధ్య ఒక్క పూట కూర్చున్నందుకు నెల్లాళ్లు జ్వరం, దగ్గు.

బరంపురం డాక్టరు, "మనుషుల్లో లేనోడివి తాతా, మనుషుల జలుబు నీకు పడదు" అన్నాడు. నీ మొగుడేమో, "సముద్రానికి బెదరనోడు సీమిడికి పడ్డాడు" అని నవ్వాడు. నవ్వనీ.

అయినా మేనకోడలి బుట్ట ఇంకొకడు మోస్తే ఊరుకోను. ముహూర్తానికి వస్తాను, మోస్తాను, భోజనానికి ఆగను. మోసేటప్పుడు మొహం పక్కకు తిప్పుకుంటాను. మామకు కోపమనుకొని ఏడవొద్దని నూకాలుకు ముందే చెప్పు.