అత్తగారు పట్టిన చేప

ఆదివారం, మధ్యాహ్నం భోజనాలయ్యాక

పిండిమర యజమానిగారి సముఖానికి, పెళ్లినాటి నుంచీ మిమ్మల్ని భరిస్తూ వస్తున్న భార్య నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నేను, అమ్మాయి, అల్లుడు కులాసా. అక్కడ మీరూ, మీ అలకా కులాసా అని తలుస్తాను.

ఉత్తరమెందుకంటారా? అమ్మాయి ఫోనులోంచి చేస్తే మీరెత్తరు. పొరపాటున ఎత్తినా దాని గొంతు వినగానే మర చప్పుడులో ఏమీ వినబడ్డం లేదంటారు, మర ఆపేసి ఉన్నప్పుడు కూడా. ఉత్తరానికి గొంతుండదు కాబట్టి చదవక చస్తారా. తప్పులుంటే దిద్దకండి. ఏడో తరగతిలో నన్ను బడి మాన్పించింది మా నాన్న. కావాలంటే పైకెళ్లి ఆయన్నే అడగండి.

మనకి చెప్పకుండా పెళ్లి చేసుకుంది, నిజమే. మన భాష రానివాణ్ణి, చేపలు పట్టేవాణ్ణి చేసుకుంది, అదీ నిజమే. దాని గడప తొక్కనని మీరు ఒట్టేసుకున్నారు. నేను ఏ ఒట్టూ వేసుకోలేదు గనక వచ్చాను. అల్లుడెలాంటివాడో చూసి రాయమని మీరు చెప్పలేదు. కానీ నన్ను సాగనంపేటప్పుడు, కట్టిన సంచీనే విప్పి మళ్లీ కట్టారు చూడండి, అది చెప్పినట్టే లెక్క.

ఇల్లు రెండు గదులు. మంచం కింద వల, తలుపు వెనక వల. వచ్చిన రోజు దిండనుకుని వల ఉండ మీద తలపెట్టి పడుకున్నాను. పొద్దున్న లేచేసరికి చెంప మీద గళ్లు. అమ్మాయి నవ్వి నవ్వి నేల మీద కూర్చుండిపోయింది. అది అలా నవ్వగా చూసి ఎన్నాళ్లయిందో మీకూ తెలుసు.

నిన్న నన్నూ పడవెక్కించారు. పడవ మన మరగది కంటే చిన్నది. ఇంజను దగ్గర అల్లుడు, ముందువైపు వాళ్ల నాన్న, అంటే నాకు అన్నయ్యగారు, మధ్యలో ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని నేను. నా పక్కన మాటలు ఇటువి అటు చెప్పడానికి అమ్మాయి. అన్నయ్యగారు నన్ను ఎగాదిగా చూసి ఏదో అన్నారు. ఏమన్నారే అంటే, పడవ వంగకుండా ఉండాలంటే అత్తగారు సరిగ్గా మధ్యలోనే కూర్చోవాలట అంది. నేనూరుకుంటానా? ఆయన బుర్రలో ఏమీ లేదు గనక ముందువైపు తేలిపోతోంది, ఆయన్నీ మధ్యకి రమ్మను అన్నాను. అది చెప్పనంది. చెప్పితీరాలన్నాను. చెప్పాక ఆయన నవ్విన నవ్వుకి పడవ నిజంగానే ఊగింది.

ఇక్కడివాళ్లు గాలం తాడు చూపుడువేలు మీద ఆనించి ఊరికే కూర్చుంటారు. చేప కొరికితే వేలికి తెలుస్తుందట. నా వేలికి చలి తప్ప ఏమీ తెలియలేదు. విసుగొచ్చి, అల్లుడు ఇంజను చూడ్డానికి వెనక్కి వెళ్లగానే, అతని గాలం పైకి లాగి, నీళ్లు తోడే చిన్న రేకు బకెట్టు దానికి తగిలించి, మెల్లిగా కిందికి వదిలాను. అన్నయ్యగారు చూశారు. చూసి, మబ్బుల్ని లెక్కపెట్టడం మొదలుపెట్టారు. మనిషి మనవాడే.

అల్లుడొచ్చి తాడు పట్టుకున్నాడు. ఒక్కసారి లాగేసరికి ముఖం మతాబులా వెలిగింది. బలే బరువు, పెద్దదేదో పడిందని కేకేశాడు. ఇక నేను పళ్లు బిగబట్టుకుని చూస్తున్నాను. అప్పుడేం చేశాడో తెలుసా? లాగడం ఆపి, ఆ తాడు తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఏంటే ఇది అన్నాను. అమ్మాయి నావైపు చూడకుండా చెప్పింది. ఇంత పెద్దది తనకి ఎప్పుడూ పడలేదట, ఇది అత్తగారి చేతి మీదుగా పైకి రావాలట, అత్తగారు పట్టిందని అందరూ చెప్పుకోవాలట.

ఏం చేయను? నా బకెట్టు నేనే లాగాను. నీళ్లు నిండిన బకెట్టు, పైగా వెనకనుంచి అతను నా నడుం కొంగు గట్టిగా పట్టుకుని, పడకుండా కాస్తున్నాడు. లాగుతుంటే కళ్లమ్మట నీళ్లు. ఉప్పుగాలి లెండి.

బకెట్టు పైకి తేలింది. అల్లుడు దాన్నీ నన్నూ చూశాడు. తరువాత ఏమీ ఎరగనట్టు గాలం విడదీసి, నీళ్లు వంపేసి, బకెట్టుని కాటాకి తగిలించి తూచి, అందరికీ చూపించి, జాగ్రత్తగా ఐసుపెట్టెలో చేపల పక్కన పడుకోబెట్టాడు. పైన ఐసు కూడా చల్లాడు. ఏమండీ, వీడు నా కడుపున పుట్టవలసినవాడు. దారి తప్పి ఇక్కడ పుట్టాడు.

మీరు రావాలని మాత్రం నేను రాయడం లేదు. మీ ఒట్టు మీది. మర తోలుబెల్టు ఊడకుండా చూసుకోండి, మందులు వేసుకోండి.

ఇట్లు
సముద్రం చూసినా అణకువ రాని
మీ ఇంటిది

తా.క. ఇది రాయొద్దని అమ్మాయి ఒట్టు వేయించుకుంది. ఒట్లు నిలబెట్టుకునే వంశం మీది, నాది కాదు. ఒడ్డుకి చేరాక వీళ్లు ఇంటి తిండికని కొన్ని చేపలు తీసి, తలకో కుప్ప చొప్పున పంచుతారు. ఇంట్లోవాళ్లెవరైనా జబ్బుచేసి పడవెక్కలేకపోయినా వాళ్ల కుప్ప వాళ్లకి ఉంటుంది. నిన్న చూస్తే ఒక కుప్ప ఎక్కువ. ఎవరిదే అంటే అమ్మాయి తల దించుకుని, నాన్నది అంది. దాని పెళ్లయినప్పటి నుంచీ ప్రతి వేటకీ పెడుతున్నారట. మీకు కోపమని చెప్పడానికి దానికి నోరు రాక, మా నాన్న మంచం మీద ఉన్నారు, ప్రయాణం చేయలేరు అని చెప్పిందట. మీ వాటా పక్కింటి ముసలావిడకి మీ పేరు చెప్పి ఇస్తారు. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, మీ ఆయన లేచి కూర్చుంటున్నాడా అని అమ్మాయి చేత అడిగించింది. నేను తల అడ్డంగా ఊపి వచ్చాను. పాపం రోగిష్టి మనిషి అని అన్నయ్యగారు మీ కుప్ప మీద ఇంకో చేప వేశారు. గుండ్రాయిలా ఉన్న మొగుడికి ఎన్నాళ్లని జబ్బు అంటగట్టను? నయమైందన్న మాట మీరే వచ్చి చెప్పుకోండి.