లచ్చయ్య నా దగ్గర ఉంచిన మాట

9 ఫిబ్రవరి 1964, ఆదివారం

చనిపోబోయే మనిషి ఒక మాట చెబితే, తరవాత ఆ మాట ఎవరిది? పోయినవాడిదా, విన్నవాళ్ళదా, ఎవరి గురించి చెప్పాడో వాళ్ళదా?

పదిహేనేళ్ళుగా ఇదే ప్రశ్న. కరీంనగర్‌లో మా నాన్న, బాపు, మంచం పట్టినప్పుడు, తన దినాలకు ఊరిని పిలిచి భోజనాలు పెట్టవద్దని నాతో ఒక్కదానితోనే అన్నాడు. అన్నలకు చెప్పాను. బాపు అట్ల అనడు, అది నీ ఉస్మానియా చదువు మాట్లాడుతున్నది, అని నవ్వారు. మూడు వందల విస్తళ్ళు లేచాయి. ఆ రోజు నుండి నాకే అనుమానం, బాపు నిజంగా అన్నాడా అని.

మెట్‌పల్లికి హెడ్‌మిస్ట్రెస్‌గా వచ్చి ఐదేళ్ళు. నాలుగేళ్ళుగా మక్సూదా, నేను ఆదివారం, బుధవారం సాయంత్రాలు, దవాఖానలో ఇక చేసేదేమీ లేదని ఇంటికి పంపిన వాళ్ళ దగ్గర కూర్చుని వస్తున్నాం. ఆమె భర్త ఇబ్రాహీం కాంపౌండర్. ఎవరింటికి వెళ్ళాలో ఆయనే చెబుతాడు. మేము చేసేది పెద్దగా ఏమీ లేదు. విసరడం, పెదవులు తడపడం, వినడం. మనిషి పోయాక నలభై రోజులు కూడా వెళ్తాం. నలభై మక్సూదా లెక్క, వాళ్ళలో అన్ని రోజులూ దుఃఖానికి ఆ ఇంట్లో చోటుంటుందట. నియమం కూడా ఆమెదే. ఇన్నది గడప కాడనే ఇడిచిపెట్టాలె ఆపా, బయటికి మోసుకపోవద్దు, అంటుంది.

ఇవాళ కొత్త ఇల్లు. నేతవాళ్ళ వాడలో లచ్చయ్య, నలభై ఎనిమిదేళ్ళు, కడుపులో గడ్డ. వాకిట్లో ఉండగా లోపల మగ్గం ఆడుతున్న చప్పుడు. గడప దాటేసరికి ఆగింది. లచ్చయ్య మంచం మీద పడి ఉన్నాడు, లేచి కూర్చోలేడు. భార్య బుచ్చవ్వ మూలన రాట్నం ముందు కండెలు చుడుతోంది. పిల్లలు లేరు. మూడో మనిషే లేడు.

మరి నేస్తున్నది ఎవరు?

12 ఫిబ్రవరి

అడగలేదు. అడగాలని మాత్రం చాలా ఉంది.

23 ఫిబ్రవరి

లచ్చయ్యే నన్ను అడిగాడు. నన్ను చూడ వచ్చిండ్రా పంతులమ్మా, సావు ఎట్లొస్తదో చూడ వచ్చిండ్రా, అని. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. రెండూ, అన్నాను. మక్సూదా నా మోచేయి గిల్లింది. ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు, నొప్పికి మూలిగి మళ్ళీ నవ్వాడు. వచ్చినోళ్ళందరు మంచిగయితవు లచ్చయ్యా అనుడే, మీ ఒక్కరి నోట్లె నిజమొచ్చింది, అన్నాడు. బుచ్చవ్వ గొంతు తగ్గించకుండానే, ఏం ఫాయిదా, గంజి తాగుమంటె తాగడు, నన్ను తిట్టుడు మాత్రం కడుపు నిండ తిడుతడు, అన్నది.

మేము బయల్దేరేటప్పుడు మగ్గం సంగతి బయటపడింది. లచ్చయ్య గంజి గిన్నె పక్కకు నెట్టి, ఇగ దాసుడెందుకే, దిగు, అని బుచ్చవ్వతో అన్నాడు. ఆమె కొంగు బిగించి గుంటలోకి దిగింది. నేల తవ్వి, అందులో కాళ్ళు పెట్టి నేసే మగ్గం. ఈ వాడలో ఆడవాళ్ళు కండెలు చుడతారు, పడుగు సరిచేస్తారు, గుంటలో మాత్రం దిగరు. లచ్చయ్య మంచం పట్టాక ఆమెకు నేర్పాడు, పడుకునే. గుడ్డ ఆయన పేరు మీదే చేనేత సొసైటీకి వెళ్తోంది.

ఆమె నేస్తుంటే కళ్ళు మూసుకుని విన్నాడు. ఎడమ కాలు బరువేస్తున్నవ్, అన్నాడు. ఆమె తిరిగి చూడలేదు, కాలు సర్దుకుంది. చప్పుడు మారింది. నాకు కూడా తెలిసింది!

ఇల్లు చేరాక చాలాసేపు నా కాళ్ళు వాటంతటవే ఆడుతున్నాయి.

15 మార్చి

మక్సూదాకు జ్వరం. ఒక్కదాన్నే వెళ్ళాను. బుచ్చవ్వ నీళ్ళకు పోయింది. లచ్చయ్య దగ్గరికి రమ్మన్నాడు.

కోరుట్లలో అన్న ఉన్నాడట, హనుమండ్లు. తల్లి పోయిననాడు మాటా మాటా పెరిగి, తొమ్మిదేళ్ళుగా మాటల్లేవు. నేను పోయినంక అన్న వస్తడు, అన్నాడు లచ్చయ్య. బుచ్చవ్వను తోల్కపోత అంటడు. చెడ్డోడు గాదు. గని గా ఇంట్ల నలుగురు మొగోళ్ళు, నాలుగు మగ్గాలు. ఇది ఆడికి పోతె సచ్చెదాంక వాళ్ళకు కండెలు చుట్టుకుంటనే ఉంటది, గుంటల దిగనియ్యరు. నా మగ్గం గీ ఇంట్లకెల్లి కదలద్దు. బుచ్చవ్వ ఈడనే ఉండాలె, నెయ్యాలె.

ఆమెకే చెప్పరాదా, అన్నాను.

తల అడ్డంగా ఆడించాడు. చెప్తె అయిపాయె. సచ్చెటోని మాట పలుపుతాడు పంతులమ్మా. మెడకేసుకొని, మా ఆయనన్నడని ఈడ్నే పడుంటది. దానికి ఉండబుద్ధయితె ఉండాలె. నేనన్న అని గాదు. మీరు గూడ చెప్పద్దు.

మరి నాకెందుకు చెప్పినట్టు, అని అడిగాను.

లోపల్నే పెట్టుకుంటె గడ్డ ఇంకింత పెద్దగయితది, అని నవ్వాడు.

సరే అన్నాను. ఎంత తేలిగ్గా అన్నాను.

12 ఏప్రిల్

హనుమండ్లు వచ్చాడు. కాళ్ళ దగ్గర కూర్చుని, తమ్మీ, తమ్మీ, అని గంటసేపు పిలిచాడు. లచ్చయ్య గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నిద్రా, కోపమా, నేను చెప్పలేను. ఆ పెద్దమనిషి తువ్వాలతో కళ్ళు తుడుచుకుని, జర నీళ్ళియ్యి బుచ్చవ్వా, అన్నాడు.

19 ఏప్రిల్

పొద్దున ఏడింటికి లచ్చయ్య పోయాడు. మేము లేము.

21 ఏప్రిల్

రాయకుండా ఉండలేను.

మూడో రోజు. పిట్టకు పెట్టడానికి వాగొడ్డుకు నన్నూ రమ్మన్నారు. మోదుగాకు విస్తరిలో అన్నం, కోడికూర, గుడ్డు, దొప్పలో కల్లు, పక్కన బీడీ కట్ట. తుమ్మచెట్టు మీద ఒకే ఒక కాకి. చూస్తోంది, దిగదు. పిట్ట ముట్టకపోతే పోయినవాడి మనసులో ఏదో మిగిలిందని వీళ్ళ నమ్మకం. అదేమిటో కనుక్కొని మాటిస్తేనే పిట్ట ముడుతుంది.

ఎండ నడినెత్తికి వచ్చింది. ఒకరొకరే ముందుకు వెళ్ళి మాటిస్తున్నారు. ఏటేటా గిట్లనే పెడుతం లచ్చయ్యా. నీ దోస్తులను మరువం లచ్చయ్యా. మల్లన్న అనే ముసలాయన, కూరల ఉప్పు తక్కువైందిరా, బతికున్నప్పుడు గూడ గిట్లనే అలిగి లేస్తుండె, అన్నాడు. ఏడుస్తున్న ఆడవాళ్ళు కూడా నవ్వారు. కాకి కదల్లేదు. ఇసుకలో బుచ్చవ్వ ఒట్టి పాదాలు మార్చి మార్చి నిలబడుతోంది.

లచ్చయ్య మనసులో ఉన్నది ఆ గుంపులో ఒక్కదానికే తెలుసు. నాకు. పిట్టల మీద నాకు నమ్మకం లేదు. అయినా ఆ గంటన్నర నేను ఒక్క మాట అంటే అది దిగుతుందని నూరు శాతం నమ్మాను. నోరు విప్పలేదు. మాట ఇచ్చాను కనుకనా? నలుగురిలో చదువుకున్నదాన్ని కాకితో మాట్లాడటం సిగ్గనిపించా? తేల్చుకోలేకపోతున్నాను.

అప్పుడు హనుమండ్లు అందరినీ వెనక్కి నీడలోకి పొమ్మని, తడి పంచెతో ఒక్కడే ముందుకు పోయాడు. తమ్మీ, నీ మనసుల బుచ్చవ్వ ఫికరే ఉన్నట్టున్నది. దాన్ని నా ఇంటికి తోల్కపోత. నీ మగ్గం నా మగ్గం పక్కన పెడుత. నా బిడ్డ లెక్క సూసుకుంట. ఇగ రారా, అన్నాడు.

కాకి దిగింది. గుడ్డు ముట్టింది.

అందరూ గొల్లుమన్నారు. హనుమండ్లు ఇసుకలో కూలబడి ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. మనుషులు దూరం జరిగారు, పక్షి దిగింది. మాట తరవాత దిగింది కనుక మాటకే దిగిందనుకోవడం, లాజిక్‌లో ఈ తప్పుకు పెద్ద పేరే ఉంది, ఉస్మానియాలో ఉర్దూలో చదివాను. ఇక్కడ ఆ పేరు ఎవరికి కావాలి? పోయినవాడు ఏది వద్దన్నాడో అదే ఆయన కోరిక అని పిట్ట ఒప్పుకున్నట్టయింది. పదకొండో రోజు అయ్యాక, మర్నాడు, మగ్గం కోసం బండి వస్తుందట.

23 ఏప్రిల్

పేర్లు లేకుండా మక్సూదాను అడిగాను. ఒకరు నా దగ్గర మాట దాస్తే ఏం చెయ్యాలని. అమానత్ ఆపా, నమ్మి అప్పజెప్పిన సొత్తు, అందులో ఖియానత్ వద్దు, మోసం వద్దు, అంది. నాలుగడుగులు వేసి ఆగింది. గని పెట్టినోడే లేకపాయె, వాపస్ ఎవ్వలకిస్తరు, అంది.

ఆమెకు అంతా తెలుసేమో.

26 ఏప్రిల్

బుచ్చవ్వ దగ్గర కూర్చున్నాను. మగ్గం మీద సగం నేసిన గుడ్డ అట్లాగే ఉంది. దాన్ని కోసి చుట్టి పెట్టమన్నాడట బావ హనుమండ్లు. కత్తెర పక్కనే ఉంది, కోయలేదు.

నీకేం కావాలి బుచ్చవ్వా, అన్నాను. చాలాసేపు కండె తిప్పింది. గిదాంక ఎవ్వలడగలే, అడిగితె ఏం చెప్పాల్నో తెల్వది, అంది. అయినా పిట్ట ముట్టింది గద, ఇంక నాకేం కావాల్నో ఎవ్వలికి పని, అంది.

లేచి వచ్చేదాన్నే. గడప దాకా వచ్చాను. గడప దగ్గరే వదలమని కదా నియమం. వెనక్కి తిరిగి చెప్పేశాను. మగ్గం ఇంట్లోంచి కదలొద్దన్నాడని, నువ్వు ఇక్కడే ఉండి నెయ్యాలన్నాడని. చెప్పొద్దన్న సంగతి మాత్రం మింగాను.

అరుస్తుందనుకోలేదు. అరిచింది. గా ఎండల నా కాళ్ళు కాలంగ సూసుకుంట నిలవడ్డరు గద పంతులమ్మా, నోట్లె నాలుక లేకుండెనా? అప్పుడంటె పిట్ట సక్కగ ముట్టకపోవునా? తరవాత గొంతు తగ్గించి, మల్ల చెప్పుండ్రి, ఏ మాట ముందన్నడు, ఏ మాట ఎనుకన్నడు, అంది. మళ్ళీ చెప్పాను. పెదవులు కదుపుతూ నేర్చుకుంది, నా రెండో తరగతి పిల్లల్లాగా.

30 ఏప్రిల్

బండి వచ్చింది. నలుగురు పెద్దమనుషుల ముందు బుచ్చవ్వ ఆ మాటలే, ఆ వరసలోనే అప్పజెప్పింది. సాక్షిని నేను. హనుమండ్లు నన్ను ఎగాదిగా చూశాడు. నా మీద కోపం వస్తే బాగుండేది. పంతులమ్మ అబద్ధమాడది, అన్నాడు అంతే. బాపు విషయంలో అన్నలు నమ్మని నోటిని ఈయన అడగకుండానే నమ్మాడు.

తరవాత ఎద్దుల పలుపు విప్పుతూ, ఎవరినీ చూడకుండా, అయితె గా పిట్ట ఎందుకు ముట్టినట్టు, అన్నాడు. తమ్ముడు తనను క్షమించాడని తొమ్మిది రోజులు నమ్మిన మనిషి. ఆ నమ్మకాన్ని నేను ఊడబెరికాను. ఖాళీ బండి వాడ మలుపు తిరిగేదాకా చూశాను.

బుచ్చవ్వ అప్పటికే గుంటలో ఉంది. ఆమె సంతోషంగా ఉందా అని ముఖం వెతికాను. వీపు మాత్రమే కనిపించింది.

27 మే

రేడియోలో చెప్పారు, నెహ్రూ గారు పోయారని. జెండా దించాం. సాయంత్రం బుచ్చవ్వ ఇంటికి వెళ్తే, పానం పోంగ పక్కన ఎవ్వలున్నరట, ఏమన్నడట, అని అడిగింది. తెలియదన్నాను. దేశానికే తెల్వదా, అంది.

రేపటికి లచ్చయ్యకు నలభై. ఇక వెళ్ళనక్కరలేదు.

14 జూన్

వెళ్తూనే ఉన్నాను. ప్రతిసారీ ఒకే ప్రశ్న. ఇంకేమన్న అన్నడా పంతులమ్మా?

లేదంటే తల ఊపి, పోగు మోసే నాడె విసురుతుంది. ఇల్లు అంతా ఆ చప్పుడే. ఆమె తన కోసం నేస్తోందా, ఆయన అన్నాడని నేస్తోందా? పలుపుతాడు అన్నాడు కదా. వేసింది నేనేనా?

5 జులై

ఇంకేమన్న అన్నడా?

లేదు.

2 ఆగస్టు, ఆదివారం, సాయంత్రం ఆరు

ఇవాళ ఉండబట్టలేక ఒకటి కల్పించాను. యాళ్ళకింత తిను అన్నాడు, అన్నాను. బుచ్చవ్వ నాడె పట్టుకుని నవ్వింది. అది ఆయనన్న మాట గాదు పంతులమ్మా, నేను తిన్ననా లేదా ఎన్నడన్న అడిగిండా, అంది. నవ్వు ఆగింది. నన్నే చూస్తూ, మరి మొదటి మాట గూడ మీరే అన్నరా, అంది.

జవాబు కోసం ఆగలేదు. నేస్తూనే ఉంది.

లచ్చయ్యే అన్నాడంటే నిజం, ఆ తాడు ఆమె మెడలోనే ఉంటుంది. నేనే అన్నానంటే అబద్ధం, ఆ నేత పూర్తిగా ఆమెది అవుతుంది, ఆయన కోరుకున్నట్టే. వచ్చే ఆదివారం మళ్ళీ అడుగుతుంది. ఏం చెప్పాలో నాకు తెలియదు.