టైరులో నిలబెట్టిన బోర్డు

నాచారం,
ఆదివారం ఉదయం.

అక్కా,

నీకూ బావగారికీ నమస్కారాలు. నేను బాగానే ఉన్నాను. ఈ మాట ముందే రాసేస్తున్నాను, ఎందుకంటే ఉత్తరం సగం చదివేసరికి నువ్వు నమ్మడం మానేస్తావు. నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? నేను పంపిన నూనె రాస్తున్నావా, లేక సీసా అలమార్లో పెట్టి దాని ముఖం చూస్తూ కూర్చున్నావా? బావగారి బి.పి. మాత్రలు అయిపోయే రోజులొచ్చాయి, గుర్తు చెయ్యి.

ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేమిటని అనుకుంటావు. నీకు ఫోన్లో సరిగ్గా వినపడదు, నేను అరవాలి. మా గది గోడ అవతలే ఓనరమ్మ మంచం. ఇది అరిచి చెప్పే సంగతి కాదు. మెసేజి పెడదామా అంటే ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ బావగారి జేబులో ఉంటుంది. ఇది ముందు నువ్వు చదవాలి, ఆ తర్వాతే ఆయన.

ఇక్కడ ఎండలు ముదిరాయి. ఫ్యాక్టరీల వైపు నుంచి గాలి మళ్లిన రోజున తలుపు వేస్తే ఉక్క, తీస్తే ఘాటు. పని మామూలే. పొద్దున్న ఐదున్నరకి ఐసు పెట్టె బండికి కట్టుకుని బయల్దేరడం, పరగడుపున కూర్చున్నవాళ్ల ఇళ్లకి వెళ్లి రక్తం తీయడం, తొమ్మిదిన్నరలోపు ఉప్పల్ ల్యాబులో అప్పగించడం. తిండి మెస్సులోనే. నువ్విచ్చిన మాగాయ అడుగంటింది, ఇటువైపు ఎవరైనా వస్తుంటే ఒక డబ్బా పంపు. ఆదివారాలే కొంచెం కష్టం. మిగతా రోజుల్లో పదిమంది చేతులు పట్టుకుంటాను, ఆదివారం పలకరించడానికి ఒక చెయ్యి ఉండదు. అయినా బాగానే ఉన్నాను.

ఇక అసలు సంగతి. మొదటి చలానా వచ్చినప్పుడు మీరిద్దరూ చూశారు. బండి బావగారి పేరు మీదే ఉంది కాబట్టి మెసేజి ఆయనకే వచ్చింది. ఫోటోలో మన పాత బండి, ఐసు పెట్టె, పక్కన నో పార్కింగ్ బోర్డు. "గోటితో పోయేదానికి గొడ్డలెందుకమ్మా, కట్టేద్దాం" అన్నారు బావగారు. నేనే వద్దన్నాను. తప్పు చేస్తే నేను కట్టనా? ఉప్పల్ మెట్రో కింద ఒకసారి తొందరలో అడ్డంగా పెట్టి పోయాను, చలానా వచ్చింది, నోరు మూసుకుని కట్టాను. ఇది అలాంటిది కాదు. నేను బండి పెట్టినప్పుడు అక్కడ బోర్డు లేదు.

ఆ చోటు ఎలా ఉంటుందో చెబుతాను. మెయిన్ రోడ్డు మీద కొత్తగా కట్టిన ఒక షాపింగ్ కాంప్లెక్స్. దాని పక్క సందులో ఒక పెద్దావిడ ఉంటారు. గుండె ఆపరేషన్ అయింది, రక్తం పలచబడే మందు వాడుతున్నారు, వారం వారం పరీక్ష చెయ్యాలి. సందంతా డ్రైనేజీ కోసం తవ్వి వదిలేశారు, బండి పోదు. అందుకని కాంప్లెక్స్ దాటాక రోడ్డు వారన గోడకి ఆనించి పెట్టి, పావుగంటలో వచ్చేస్తాను. ఆ గోడ కాంప్లెక్స్‌ది కూడా కాదు.

రెండో వారం కూడా చలానా వచ్చింది. మూడో వారం ఒళ్లు దగ్గర పెట్టుకుని చూశాను. బోర్డు ఉంది, కానీ ఎక్కడో ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర, యాభై అడుగుల దూరాన ఉంది. పాత లారీ టైరులో సిమెంటు పోసి అందులో గుచ్చిన ఇనప కడ్డీ, పైన రేకు. సరే, ఇంత దూరం చాలులే అనుకుని ఇవతల బండి పెట్టి వెళ్లాను. పెద్దావిడకి రక్తం తీసి తిరిగి వచ్చేసరికి బోర్డు నా బండి పక్కన నిలబడి ఉంది. ఆరున్నర కూడా కాలేదు, రోడ్డు మీద పురుగు లేదు. నేను బోర్డు దగ్గర బండి పెట్టలేదు అక్కా, బోర్డే వచ్చి నా బండి దగ్గర నిలబడింది. మధ్యాహ్నానికి మూడో చలానా.

నాకు ఒళ్లు మండిపోయింది. కాంప్లెక్స్‌కి వచ్చే కార్లు పది దాటాక అదే గోడ వారన సాయంత్రం దాకా బారులు తీరి ఉంటాయి. వాటికి ఫోటో లేదు, చలానా లేదు. రూలంటే అందరికీ రూలే అయితే నేనూ తలవంచుతాను. నాకొక్కదానికే నడిచొచ్చే రూలేమిటి? అప్పటినుంచి బండి రోడ్డు అవతల పెట్టి, వెళ్లినప్పుడల్లా బోర్డు ఎక్కడుందో ఫోటో తీశాను. ప్రతిసారీ ఒక్కో చోట.

అక్కడి వాచ్‌మన్ యాదగిరి మామ. జనగామ దగ్గరి పల్లెటూరు, అరవై దాటిన మనిషి. మన మామయ్య కాదులే, ఇక్కడ పెద్దవాళ్లని అలాగే పిలుస్తారు. ఒకసారి కళ్లు తిరుగుతున్నాయంటే నా మిషన్‌తో ఆయన షుగర్ చూశాను, అప్పట్నుంచి కనిపిస్తే కూర్చోబెట్టి చాయ్ పోస్తాడు. ఫోటోలు చూపించి, ఇదేంటి మామా అని అడిగాను.

"నేనే జరుపుత బిడ్డా," అన్నాడు. "ఒక్కనితోని కాదు, మస్తు బరువుంటది. ఊడ్శెటోడు, నేను, ఇద్దరం కలిసి దొర్లిస్తం. బయటి బండి ఆగితె పక్కకు బోర్డు వెట్టి ఫోటో గొట్టి పంపుమంటడు మా సారు. ఫోటో పోలీసోళ్లకు వంపుతడో ఎవలకు వంపుతడో నాకెరుక లేదు. నీ బండి అని తెల్వదు బిడ్డా, పెట్టె మీద గుడ్డ కప్పి ఉండె."

ఇదే మాట కాగితం మీద రాసిస్తావా అన్నాను. "రాసిస్త, మల్ల వచ్చినప్పుడు తీస్కపో. నేనేమన్న దొంగతనం జేసిన్నా?" అన్నాడు. అక్కా, ఆ రోజు నేను ఎంత సంతోషంగా ఇంటికి వచ్చానో చెప్పలేను.

మర్నాడే ట్రాఫిక్ ఆఫీసుకి వెళ్లాను. అక్కడ కూర్చున్నాయన మర్యాదగానే మాట్లాడాడు. నా ఫోటోలన్నీ ఒక్కొక్కటీ పెద్దవి చేసి చూశాడు. "మాకొచ్చిన ఫోటోల బోర్డున్నది, బండున్నది. అది సూసి రాసినం. కాదనే హక్కు మీకున్నది మేడం, కోర్టుల చెప్పుకోండ్రి. బండి ఓనరన్న రావాలె, లేకుంటె ఆయన రాసిచ్చిన కాగితమన్న తేవాలె" అన్నాడు. వాచ్‌మన్ సాక్ష్యం చెబుతాడు సార్ అన్నాను. అప్పుడాయన తలెత్తి, "ఆ కాంప్లెక్స్ ఎవరిదో మీకెరుకేనా?" అని అడిగాడు. తెలియదన్నాను. ఫోన్ నా చేతికిచ్చి, తర్వాతి మనిషిని పిలిచాడు. ఆ రోజు రాత్రే నేను ఫోన్ చేసి బావగారిని కాగితం రాసి, ఆర్.సి. జిరాక్స్ పెట్టి పంపమన్నాను. నీకు గుర్తుండే ఉంటుంది, ఆయన సరే అని కూడా అనలేదు.

మరుసటి వారం వెళ్తే యాదగిరి మామ లేడు. కుర్చీలో కొత్త మనిషి ఉన్నాడు. కుర్చీ వెనక మామ ఎర్ర తువ్వాలు వేలాడుతూనే ఉంది. ఆయన ఎక్కడ అని అడిగితే, "యాదగిరా? గా పేరుతోని ఈడ ఎవ్వరు లేరమ్మా," అన్నాడు ఆ మనిషి. పాత వాచ్‌మన్ అయ్యా, ఆ తువ్వాలు ఆయనదే అన్నాను. అతను తువ్వాలు వైపు చూసి, దాన్ని తీసి మడిచి కుర్చీ కింద పెట్టుకున్నాడు. మామ ఫోన్ నంబరు నేనెప్పుడూ తీసుకోలేదు. వారం వారం కనిపించే మనిషికి నంబరెందుకు అనుకున్నాను, అదీ నా తెలివి. సొంతూరు వెళ్లి ఉంటాడని నాకు నేను చెప్పుకుంటున్నాను.

నేను బండి తీస్తుంటే కాంప్లెక్స్ మెట్ల మీదినుంచి తెల్లచొక్కా మనిషొకడు దిగొచ్చాడు. నలభై ఏళ్లుంటాయి, నవ్వు ముఖం. నేనెప్పుడూ చూడలేదు. "ఏందక్కా, పొద్దుగాల్నే వచ్చినవ్. మీ బావ బాగున్నడా?" అన్నాడు. మీరెవరు అన్నాను. "పాలకొల్లుల ఎండలు గట్టిగనే ఉంటయ్ గద. పెద్దమనిషి, జర పైలం," అని, నా ఐసు పెట్టె మీద గుడ్డ పక్కకి జారితే సర్ది, లోపలికి వెళ్లిపోయాడు.

ఇక్కడ నాకు బావ ఉన్నాడని, మీరు పాలకొల్లులో ఉంటారని ఓనరమ్మకి కూడా చెప్పలేదు అక్కా. బండి నంబరు పట్టుకుని కూపీ లాగి ఉంటాడు, అంతే. అంతేనని నాకూ తెలుసు. అయినా ఆ రోజు రెండిళ్లలో నాకు నరం దొరకలేదు. పన్నెండేళ్లుగా చేస్తున్న పని ఇది. భయపడ్డానని నీ దగ్గర దాచడం ఎందుకు, భయపడ్డాను.

ఆ తర్వాత మొన్న శుక్రవారం. కోర్టుకి చలానా కాగితాలు తీసుకుందామని జిరాక్స్ షాపుకి వెళ్లాను. అక్కడి అమ్మాయి నంబరు కొట్టి చూసి, "ఏం లేవక్కా, మూడు కట్టేసిన్రు," అంది. నేను కట్టలేదన్నాను. "ఎవరన్న కట్టొచ్చక్కా, బండి నంబరుంటె సాలు. కట్టినంక ఇంకేమున్నది, తప్పు ఒప్పుకున్నట్టే. కోర్టుల చెప్పనీకె ఏముండదు," అంది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే నా భుజాలు ఎవరో తడిమి వెళ్లినట్టయింది.

వెంటనే ఇంటికి ఫోన్ చేశాను. బావగారే ఎత్తారు. మీరు కట్టారా అంటే, "నాకేం తెలీదమ్మా, నువ్వు వేళకి తింటున్నావా?" అన్నారు. డబ్బాలో సున్నుండలు మాయమైనప్పుడు కూడా ఆయన ఇదే గొంతుతో నాకేం తెలీదంటారు. ఆయనకి పోలీసు కాగితమంటేనే ఒళ్లు చల్లబడుతుంది, నీకు తెలియనిది కాదు. ఆయనే కట్టారని అనుకుంటే నాకు హాయిగా ఉంటుంది. కానీ ఫోన్లో నాకు గొంతు మాత్రమే వినిపిస్తుంది. ఆయన అబద్ధం ముఖంలో చదవడం నీకొక్కదానికే వచ్చు. అందుకే ఈ ఉత్తరం నీకు.

ఎదురుగా కూర్చోబెట్టి అడుగు. ఆయనే కట్టి ఉంటే రెండు రోజులు కోపంగా ఉంటాను, తర్వాత మర్చిపోతాను. ఆ పెద్దావిడ ఇంటికి వేరే మనిషిని పంపమని ల్యాబులో చెబుతాను. ఆయన కట్టకపోతే మాత్రం, కట్టింది ఇక్కడివాళ్లు. నేను ఆయన్ని పంపమన్న ఆ కాగితం మీద ఇప్పుడు రెండు ముక్కలు ఎక్కువ రాయించు: ఈ చలానాలు నేను కట్టలేదు, నా తరఫున నా మరదలు వచ్చి చెబుతుంది అని. నేను వెళ్లి చెబుతాను. యాదగిరి మామ ఎక్కడున్నాడో కూడా అడుగుతాను, నా కోసం నోరు విప్పిన మనిషిని నేను అడగకపోతే ఇక్కడ అడిగేవాళ్లు లేరు. నా భయం తీర్చడానికని మేమే కట్టాం అని మాత్రం రాయకు. నీకు ఆ అలవాటుంది. ఈ ఒక్కసారైనా నిజం రాయి.

తెలియనివాళ్లు ఎవరైనా వచ్చి బండి గురించి అడిగితే బావగారిని బయటికి పంపకు. ఇది ఊరికే రాస్తున్నాను, కంగారు పడకు. పిన్నిగారికీ, ఎదురింటి మాస్టారుగారికీ నమస్కారాలు చెప్పు. మీ ఇద్దరి ఆశీస్సులు నాకు ఎప్పుడూ కావాలి, నీ జవాబు వచ్చేదాకా ఈ పదిహేను రోజులూ మరీ కావాలి. నేను బాగానే ఉన్నాను.

నీ చెల్లెలు,
విజయ

సోమవారం పొద్దున్న, కవరు అంటించబోతూ రాస్తున్నాను. ఐదున్నరకి బండి తీద్దామని గేటు తెరిస్తే, టైరు బోర్డు మా గేటుకి అడ్డంగా ఉంది. అదే బోర్డు, రేకు మీద అదే సొట్ట. కాంప్లెక్స్ ఇక్కడికి కిలోమీటరు పైనే. బండి బయటికి రాదు, పరగడుపున ఉన్నవాళ్లు ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నారు. రెండు చేతులూ పెట్టి తోశాను, వీసమెత్తు కదల్లేదు. యాదగిరి మామ చెప్పింది నిజమే, దానికి ఇద్దరు మనుషులు కావాలి. త్వరగా రాయి అక్కా.