మామయ్య ఎడమ చెవి

జూన్ 4, బుధవారం
మామయ్య పోయి నేటికి పద్దెనిమిది రోజులు. మాజీ సైనికుల సంఘం వాళ్లు ఫోన్ చేశారు. ఆదివారం సంతాప సభ. ఆయన గురించి ఒక పేజీ రాసుకొచ్చి చదవాలట. మా ఆయన ఫోన్ నా చేతిలో పెట్టేసి, టీచర్‌వి కదా, నువ్వే రాయి అన్నారు. తండ్రి గురించి రాయాలంటే కొడుక్కి చేతులు రావడం లేదు. సరే అన్నాను.

జూన్ 5
రాసింది ఇది. ఫిరంగి దళంలో పదిహేడేళ్లు. ఒక యుద్ధం. ఆ మోతకి ఎడమ చెవి పోయింది. తిరిగొచ్చాక పెద్దాసుపత్రిలో లిఫ్ట్ మెకానిక్‌గా ఇరవై నాలుగేళ్లు.
నాలుగు ముక్కలు. ఇందులో మనిషి లేడు.

సాయంత్రం 6
మనిషి ఎలా ఉండేవారు? గోళ్లలో గ్రీజు. అన్నం ముందు కూర్చోవాలంటే పావుగంట సబ్బుతో కుస్తీ. సెలవు రోజు ఫోన్ వచ్చినా సరే, చొక్కా గుండీలు పెట్టుకుంటూనే మెట్లు దిగిపోయేవారు. లిఫ్ట్ ఆగితే స్ట్రెచర్ ఆగుతుందమ్మా అనేవారు.
ఇక ఆ చెవి. ఇంట్లో అందరికీ అది గోడతో సమానం. ఆయనకి ఎడమవైపు నిలబడి ఏమైనా అనుకోవచ్చు. నేనూ గిన్నెలు తోముతూ గొణుక్కునేదాన్ని. అల్మారా అంది చావదని, కుళాయి కారుతోందని. రెండు రోజుల్లో అవి బాగయ్యేవి. ఎంత గమనింపో ఈయనకి అనుకునేదాన్ని.

జూన్ 6, ఉదయం
సర్వీసు తేదీల కోసం ఆయన ఫైలు తీశాను. మధ్యలో ఒక ఆసుపత్రి కాగితం. పదకొండేళ్ల కిందటిది. ఎడమ చెవికి ఆపరేషన్. కర్ణభేరి అతుక్కుంది. వినికిడి నార్మల్.
మూడుసార్లు చదివాను. నేను ఈ ఇంటికి వచ్చి తొమ్మిదేళ్లు.

మధ్యాహ్నం 3
వేసవి క్లాసులో ఒకే పాఠం రెండుసార్లు చెప్పానట. పిల్లలు నవ్వారు.
ఆ ఒక్క మాటే తిరుగుతోంది. అప్పుడు పాప నా కడుపులో ఉంది. ఉన్నది ఒకటే గది, అది అత్తయ్యా మామయ్యలది. మేం హాల్లో. ఒకరోజు సింకు దగ్గర, ఆయన ఎడమ పక్కనే నిలబడి, ఈ ముసలాయన ఉన్నంతకాలం నాకంటూ ఒక గది ఉండదు అన్నాను.
ఆ వారమే ఆయన మంచం బాల్కనీలోకి, అత్తయ్య పరుపు హాల్లోకి మారాయి. లోపల ఉక్కపోస్తోందమ్మా, మీరిద్దరూ గదిలోకి మారండి అన్నారు. చివరి దాకా, ఏడేళ్లు, అక్కడే. వానొస్తే టార్పాలిన్ కట్టుకునేవారు. మిలిటరీ అలవాటని అందరం నవ్వుకున్నాం. గదిలో నేను హాయిగా నిద్రపోయాను.

జూన్ 7
అత్తయ్యని అడిగాను. బీన్స్ తరుగుతున్నారు. తలెత్తలేదు. తెలుసు, ఆపరేషన్ రోజు పక్కనున్నది నేనే అన్నారు. మా ఆయనకి తెలియదు, అప్పుడు హాస్టల్లో ఉన్నారట.
ఎందుకు దాచారు మరి? మామయ్య అన్నారట, ఈ ఇంట్లో అందరూ నిజం మాట్లాడేది ఆ చెవి దగ్గరే, బాగైందని చెప్పేస్తే ఎవరికేం కావాలో నాకెలా తెలుస్తుందే అని.
గది సంగతి ఆవిడే ఎత్తారు. మంచం బయటికి మోసినప్పుడు రెండో వైపు పట్టుకున్నది ఆవిడేనట. నువ్వన్న మాట ఆయన చెబితే నాకైతే ఒళ్లు మండింది, నెల రోజులు నీతో ముభావంగా ఉన్నాను, గుర్తులేదా అన్నారు. ఆయన మాత్రం, ఆ పిల్ల అబద్ధమేం ఆడింది, దానికి నిజంగానే గది లేదుగా అన్నారట.
చాకు తీసుకుని మిగతా బీన్స్ నేను తరిగాను. అత్తయ్య లేచి వెళ్లలేదు.

జూన్ 8, ఉదయం
గది మాట రాశాను. కొట్టేశాను. అందరి ముందా?

సాయంత్రం
సభ హాలు నిండా ముసలి ఫిరంగి వాళ్లు. చదివి కూర్చున్నాను. ముందు వరసలో ఒకాయన లేచి, ఒక్క ముక్క వినపడలేదు తల్లీ, మా అందరివీ పోయిన చెవులే, కాస్త గట్టిగా చదువు అన్నారు.
మళ్లీ చదివాను. అరిచినట్టే. ఈసారి కొట్టేసిందీ వదల్లేదు.