నలభై ఒక్క చిల్లులు

తెనాలి,
మే 2

బాబాయ్‌కి సుష్మ నమస్కారాలు.

నీ ఫోన్ సముద్రంలో పడిందని తెలిసింది, అందుకే ఉత్తరం. బస్సు పార్సిల్లో ఒక పాత వల పంపాను. వేట నిషేధం రోజులు కాబట్టి తీరిగ్గానే ఉంటావు. దాని చుట్టూ బారెడు కొత్త అంచు అల్లి పంపు. నెలాఖరుకి బాపట్లలో నా మొదటి కళా ప్రదర్శన. అందులో పెద్ద బొమ్మ అదే, పేరు ‘తప్పించుకున్న చేపలు’. ఇది పోతే నేనూ పోయినట్టే.

నీ సుష్మ

తా.క.: ఉతకొద్దు. వాసన కూడా కళే.

నిజాంపట్నం,
మే 9

చిరంజీవి సుష్మకు సింగయ్య దీవెనలు.

అమ్మాయ్, నిన్నెవడో మోసం చేశాడు! వల నిండా చిల్లులే, నలభై ఒకటి. అన్నీ మూసేశాను. ఇక ఒక్క చేప తప్పించుకుంటే ఒట్టు.

బాబాయ్

తా.క.: వాసన చాలలేదని మీ పిన్ని రెండ్రోజులు ఎండురొయ్యల కింద పెట్టింది.

తెనాలి,
మే 13

బాబాయ్, కొంప ముంచావు!

ఆ చిల్లులు వారం కూర్చుని నేనే కోశాను. చిల్లులే బొమ్మ! దయచేసి మళ్లీ కొయ్యి.

ఏడుస్తూ, సుష్మ

తా.క.: ఎక్కడెక్కడ కొయ్యాలో చుక్కలు పెట్టిన కాగితం జతచేశాను.

నిజాంపట్నం,
మే 18

అమ్మాయ్ సుష్మా,

కత్తెర పట్టుకుని మూడుసార్లు కూర్చున్నా, చెయ్యి రాలేదు. ముప్ఫై ఏళ్లలో నా చేతి వల చిల్లుతో రేవు దాటలేదు. ఇప్పటికే పక్క పడవ ఆదెయ్య నా చేతిలో కత్తెర చూసి ‘సింగయ్యకి చత్వారం’ అని ఊరంతా చెబుతున్నాడు. వల పంపేశాను, నువ్వే కోసుకో. ప్రారంభానికి వస్తాం.

బాబాయ్

తా.క.: నీ చుక్కల కాగితం చూసి మీ పిన్ని ముగ్గేసింది. బాగా కుదిరింది.

తెనాలి,
మే 28

బాబాయ్‌కి,

మొన్న ప్రారంభంలో ముఖ్య అతిథి ఉపన్యాసం ముగిసేలోపు నువ్వు కింద చతికిలబడి, నేను మళ్లీ కోసిన చిల్లుల్లో పందొమ్మిది మూసేశావు. నా పని అయిపోయిందనుకున్నాను. ఆయనేమో ‘ఇదీ కళంటే!’ అని చప్పట్లు కొట్టాడు. ప్రదర్శన పది రోజులు పొడిగించారు. నువ్వు రోజూ వచ్చి అందరి ముందూ అల్లాలట. కాదనకు.

నీ సుష్మ

తా.క.: బోర్డు మీద నీ పేరు పైన, నాది కింద. నాకేం బాధ లేదు. కొంచెం ఉంది.

బాపట్ల,
జూన్ 4

చిరంజీవి సుష్మకు,

రెండో రోజుకే చిల్లులన్నీ అయిపోయాయి. జనం మాత్రం వస్తూనే ఉన్నారు. గోళ్లు గిల్లుకుంటూ కూర్చోలేక, పొద్దున్నే ఎవరూ రాకముందు నేనే ఓ పదిహేను కోసుకుంటున్నాను. చెయ్యి బాగానే వస్తోంది.

బాబాయ్

తా.క.: నిన్న ఆదెయ్య చూసిపోయాడు. ‘వలని ఇంత దారుణంగా కోసిందెవరు?’ అన్నాడు. నీ పేరు చెప్పాను.